అరవై ఆరో నంబరు గుమ్మం

కేబుల్ మెకానిక్ వేషంలో వెళ్ళిన మనిషి లిఫ్టులో శవమై దొరికాడు.

ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఆ లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయి ఉంది. అపార్ట్‌మెంట్ వాళ్ళు సెక్రటరీని తిట్టుకుంటూ మెట్లెక్కారు, తిట్టుకుంటూ దిగారు. లోపల ఒక మనిషి ఉన్నాడేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఉదయం ఎనిమిదింటికి రిపేరువాడొచ్చి తలుపులు పెకలించేసరికి అతను గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో టూల్ బ్యాగు. మెడ మీద సూది దిగినంత ఎర్రటి చుక్క. ఎడమ కాలి సాక్సులో మడతపెట్టిన సర్వీస్ స్లిప్పు.

తొమ్మిదింపావుకి ఆ స్లిప్పు చీఫ్ బల్ల మీద ఉంది.

చీఫ్ ఆఫీసు ఒక జిరాక్సు షాపు పై గదిలో ఉంటుంది. కింద మెషీన్లు నడుస్తున్నంతసేపూ పైన మాట్లాడేది ఎవరికీ వినపడదు. ఆ మాటకొస్తే పైనున్న వాళ్ళకి కూడా సగమే వినపడుతుంది. అందుకే చీఫ్ తక్కువ మాట్లాడతాడు.

"చదువు," అన్నాడు.

బల్లకి ఇవతల నిలబడ్డ మనిషి చదివాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఫ్యూజు అంటారు. ట్రైనింగ్ మొదటి రోజే హాస్టల్ మొత్తం చీకటి చేసిన ఘనత అతనిది. ఇరవయ్యేళ్ళయినా ఆ పేరు వదల్లేదు.

'లైన్ బాగానే ఉంది. సర్వర్ బాగానే ఉంది. అయినా నెట్ రోజుకి నలభై నిమిషాలే. 11:30 నుంచి 12:10. ఎందుకు?'

"వాడు మంచి పనివాడు సార్," అన్నాడు ఫ్యూజు. పోయిన వారమే ఇద్దరూ కలిసి టీ తాగారు.

"మంచి పనివాడు కాబట్టే చంపారు. కూర్చో. ఆ ఇంట్లో ఉండేది టీచరమ్మ. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరై, మనకి కోడ్ రాస్తోంది. కాలు విరిగింది. అందుకని ఇంటి నుంచే పని. ఇంట్లో మన సర్వర్ పెట్టాం. మోడెమ్ నుంచి తీగ సర్వర్‌లోకి, సర్వర్ నుంచి రౌటర్‌లోకి, రౌటర్ నుంచి ఆవిడ ల్యాప్‌టాప్‌లోకి. అంటే సర్వర్ తనకొచ్చిన ఇంటర్నెట్‌ని ఇల్లంతా పంచుతుంది."

"తెలుసు సార్. ఉద్యోగానికి ముందు అదే కదా నా బతుకుతెరువు."

"అందుకే పిలిచాను." చీఫ్ ఒక క్షణం ఆగాడు. కింద మెషీన్ కూడా అప్పుడే ఆగింది. మళ్ళీ మొదలయ్యాకే నోరు విప్పాడు. "సరిహద్దు అవతల పిచ్చుక ఉంది."

పిచ్చుక ఫ్యూజు చెల్లెలు. ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురికి తెలుసు. అందులో ఇద్దరు ఈ గదిలో ఉన్నారు.

"ఈ రోజు తిరిగి వచ్చేస్తోంది. ముందు అనుకున్న దారి వంతెన. ఆ సంగతి వాళ్ళకి పొక్కింది. వంతెన దగ్గర మనుషుల్ని పెట్టారు. 'వంతెన వద్దు, రేవుకి వెళ్ళు' అని చెప్పాలి. అవతల ఉన్నంతకాలం రోజూ 11:45 నుంచి 12:00 దాకానే ఆమె తన ఫోన్ తెరుస్తుంది. ఆ ఇంటి లైన్ నుంచి వచ్చే మెసేజ్ తప్ప ఇంకెక్కణ్ణుంచి వచ్చినా అది తీసుకోదు. కోడ్ సాఫ్ట్‌వేర్ మన వైపు ఉన్నది టీచరమ్మ ల్యాప్‌టాప్ ఒక్కదాంట్లోనే. పన్నెండుకి ఏమీ అందకపోతే..."

"వంతెనకే వెళ్తుంది."

"ఆ లైన్ సంగతి చూడు. అక్కడ మన గార్డు ఒకరున్నారు. ఎవరో చెప్పను. చెప్తే నీ మొహంలో కనపడుతుంది."

స్టోర్ కీపర్ అతనికి ఒక క్రింపింగ్ ప్లయర్ ఇచ్చి రెండు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు. కేబుల్ చివర ప్లగ్గు బిగించే మామూలు పనిముట్టే. పిడి కింద చిన్న మీట ఉంది.

"నొక్కితే మత్తు సూది వెళ్తుంది. ఒక్కటే. పది అడుగులు. పడ్డవాడు అరగంట లేవడు."

"రెండోది?"

"మొదటిది గురి చూసి కొడితే రెండోది దేనికయ్యా?"

* * *

పదకొండుంపావుకి ఫ్యూజు నీలం చొక్కా, టోపీ, గుండెల మీద ఐడీ కార్డుతో మెట్లెక్కాడు. లిఫ్టుకి అడ్డంగా పసుప్పచ్చ టేపు కట్టి ఉంది. దాని వంక చూడకుండా దాటాడు.

తలుపు తీసింది మామ్మగారు, టీచరమ్మ అత్తగారు. డెబ్భై తొమ్మిదేళ్ళు. చూపు కాస్త మందం, చెవులు ఇంకాస్త మందం. చెయ్యి మాత్రం చురుకు. అతన్ని లోపలికి రానిచ్చి, వసారాలో లైటు ఆపేసింది.

"ఎవరూ లేని చోట లైటెందుకు నాయనా?"

"ఎవరూ లేకపోవడమేమిటి మామ్మగారూ, నేనున్నాను కదా!"

"నువ్వు లోపలికి వచ్చేశావు కదా!"

వాదన అక్కడితో ముగిసింది. హాల్లో సోఫా మీద కాలు చాపుకుని టీచరమ్మ కూర్చుని ఉంది. మడమ నుంచి మోకాలి దాకా పిండికట్టు, పక్కన చేతికర్ర, ఒళ్ళో ల్యాప్‌టాప్.

"వైరు ఎలుక కొరికిందా అండీ?" అన్నాడు ఫ్యూజు. కోడ్.

"మా ఇంట్లో పిల్లి ఉంది," అంది టీచరమ్మ. కోడ్ సరిపోయింది.

"పిల్లెక్కడుందే మనింట్లో?" అంది మామ్మగారు వంటింట్లోంచి. ఎన్నడూ వినపడని చెవులకి ఆ ఒక్క ముక్క ఎలా వినపడిందో!

పుస్తకాల బీరువా కింద అరలో సర్వర్ ఉంది. పై అరలో రౌటర్. సర్వర్ ప్లగ్గు దగ్గర స్విచ్చి మీద అట్ట అతికించి, ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాలు: 'అత్తయ్యా, దీన్ని మాత్రం ముట్టుకోకండి.'

"నెల రోజులు పట్టింది బాబూ, ఆ ఒక్క స్విచ్చి మీద ఒప్పందం కుదరడానికి," అంది టీచరమ్మ. "మిగతావన్నీ ఆవిడ రాజ్యమే. వాడని వస్తువులోకి కరెంటు పోతోందంటే ఆవిడకి నిద్ర పట్టదు. ఫ్రిజ్‌ని కూడా అనుమానంగానే చూస్తుంది."

ఫ్యూజు నవ్వి పనిలో పడ్డాడు. ముందు సర్వర్‌కి తన చిన్న స్క్రీన్ తగిలించి పింగ్ కొట్టాడు, అంటే బయటికి నాలుగు పలకరింపులు పంపాడు. నాలుగుకి నాలుగూ జవాబులొచ్చాయి. బయటి లైన్ బంగారంలా ఉంది. ల్యాప్‌టాప్ చూస్తే 'వై-ఫై ఉంది, ఇంటర్నెట్ లేదు' అంటోంది. అంటే జబ్బు సర్వర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్యలో ఉంది. అనుమానం కేబుల్ మీదకి పోయింది. సర్వర్‌కీ రౌటర్‌కీ మధ్య ఉన్నది పాతబడింది. కొత్తది తయారుచేద్దామని చుట్టలోంచి ఆరడుగులు కత్తిరించాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఆరు వారాలు. రోజంతా ఉండదు. సరిగ్గా నా పని టైముకి వస్తుంది. చెప్తే నవ్వుతావు, ఫిజియోథెరపీ అమ్మాయి గుమ్మంలో అడుగు పెట్టగానే నెట్ వస్తుంది. హస్తవాసి అంటే అదీ. నా కాలూ బాగుపడుతోంది, నెట్టూ బాగుపడుతోంది."

పదకొండున్నరకి బెల్ మోగింది. ముందు పరిమళం వచ్చింది, తరవాత మనిషి వచ్చింది.

ఫ్యూజు చేతిలో కేబుల్ అలాగే ఉండిపోయింది.

డిపార్ట్‌మెంట్‌లో ఆమెని అత్తరు అంటారు. తెల్ల కోటు, కొనదేలిన కళ్ళు, మెడ దగ్గర వదులుగా జారిన జుట్టు. ఐదేళ్ళ కిందట ఒక మిషన్ కోసం ఇద్దరూ నాలుగు నెలలు భార్యాభర్తలుగా ఒకే ఇంట్లో ఉన్నారు. ఉద్యోగ ధర్మం. అద్దె ఇల్లు, రెండు కుర్చీలు, ఒక కుక్కర్. మిషన్ పూర్తయ్యాక ఒక మెమో వచ్చింది. మర్నాడు ఎవరి పెట్టె వాళ్ళు సర్దుకున్నారు. ఆ ఇంటి తాళం అతని దగ్గర ఇంకా ఉంది. ఎందుకు దాచాడో అతనికే తెలియదు.

ఆమె క్షణం పాటు అతని కళ్ళలోకి చూసి, చిటికెనవేలితో చెవి రింగు తిప్పింది. 'గార్డు నేనే' అన్నదానికి గుర్తు.

గుండెల మీంచి బండ దించినట్టయింది అతనికి. ఇంత మంది లోకంలో ఆమే గార్డు కావాలా! కావాలి, ఆమే కావాలి, అనుకున్నాడు.

అత్తరు చక్రాలున్న చిన్న మెషీన్‌ని గోడ పక్క నుంచి లాగింది. వేడి కాపడం పెట్టే మెషీన్. ముందు పెద్ద డయలు, రెండు రబ్బరు ప్యాడ్లు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. ప్యాడ్లు టీచరమ్మ తొడకి బిగించింది. ఫ్యూజు కేబుల్ ఒక చివర బిగించేసి, రెండో చివర ఎనిమిది తీగలూ విడదీసి ప్లగ్గులోకి తోస్తున్నాడు. చూపు మాత్రం ఆమె చేతుల మీద ఉంది. ప్లయర్‌తో నొక్కాడు. టక్ మంది. ఆ కేబుల్ ఇక అవసరం లేదని పక్కన పెట్టేశాడు. ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో నెట్ వచ్చేసింది.

"చూశావా? చెప్పలేదూ!" అంది టీచరమ్మ.

11:46. టీచరమ్మ చేతులు కీబోర్డు మీద ఆడాయి. 'వంతెన వద్దు. రేవుకి వెళ్ళు.' కోడ్‌లో పడ్డాక అది నాలుగు వరసల అంకెలయింది. ఎంటర్ నొక్కింది. 'పంపబడింది' అని వచ్చింది. నిమిషం తిరక్కుండా జవాబు.

టీచరమ్మ చదివి కళ్ళు మూసుకుంది. "అందింది బాబూ. 'అందింది. సరే' అంది. పిల్ల గట్టెక్కింది."

"అమ్మయ్య," అంది అత్తరు.

ఫ్యూజు కూడా అమ్మయ్య అనుకోబోయాడు. అంతలో ఆ జవాబు ఇంకోసారి చదివాడు.

సరే?

పుట్టి బుద్ధెరిగిన ముప్పై నాలుగేళ్ళలో అతని చెల్లెలు ఒక్కసారి చెప్తే సరే అన్న రోజు లేదు. కుర్రతనంలో అతను నిచ్చెనెక్కి కేబుల్ లాగుతుంటే, కింద నిచ్చెన పట్టుకుని, ఆ తీగ ఎందుకు అటు లాగుతున్నావ్, ఇటు లాగితే దగ్గర కదా అని పోరేది. నిచ్చెన వదలదు, వాదనా వదలదు.

"పాత జవాబులు ఒకసారి చూడొచ్చా టీచరమ్మా?" అన్నాడు మామూలుగా. "స్పీడ్ చెక్ చెయ్యాలి."

ఆవిడ చూపించింది. పద్నాలుగు నెలల జవాబులు. 'ఎందుకు?' 'ఎవరు చెప్పారు?' 'పోయినసారి కూడా ఇలాగే చెప్పి నన్ను వానలో నిలబెట్టారు.' 'చేస్తాను గానీ ఇది తప్పు.' మొత్తంలో 'సరే' అన్న ముక్క ఒక్కటీ లేదు, ఇవాళ తప్ప.

ఆ జవాబు రాసింది చెల్లెలు కాదు. అంటే మెసేజ్ ఆమెకి చేరనే లేదు.

11:50. అతను అందులోనే ఒక కమాండ్ కొట్టాడు. ఇంట్లోంచి బయటికి పోవాలంటే ల్యాప్‌టాప్ ఏ గుమ్మం గుండా పోతోంది? గేట్‌వే అడ్రసు వచ్చింది. సర్వర్ అడ్రసు చివర 1 ఉంటుంది. ఇక్కడ 66 ఉంది.

ఈ ఇంట్లో అరవై ఆరో నంబరు వస్తువేదీ లేదు. ఎవరో దొంగ గుమ్మం పెట్టారు. 'నేనే సర్వర్‌ని, నా గుండా వెళ్ళండి' అని ల్యాప్‌టాప్‌ని నమ్మించారు. అది వెలుగుతున్నంతసేపూ అన్నీ దాని కడుపులోంచే పోతాయి. రోజూ కాపీ తీసుకుని వదిలిపెట్టేది, ఆ కాపీలతో వాళ్ళు కోడ్ నేర్చేసుకున్నారు. ఇవాళ మింగేసి, ముందే రాసిపెట్టిన దొంగ జవాబు చేతిలో పెట్టింది. అది ఆరిపోతే ల్యాప్‌టాప్ ఆ గుమ్మాన్నే పట్టుకుని వేలాడుతూ 'ఇంటర్నెట్ లేదు' అంటుంది.

రోజుకి నలభై నిమిషాలు. ఎవరో దాన్ని రోజూ 12:10కి ఆపేస్తున్నారు.

వంటింట్లో మామ్మగారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఎర్ర ఇంకు అట్ట మీద పడింది అతని చూపు. మిగతావన్నీ ఆవిడ రాజ్యమే. ట్రీట్‌మెంట్ అవగానే కాపడం మెషీన్ స్విచ్చి ఆపేసేది ఆవిడ, 11:30కి అది వెలిగితేనే నెట్ వచ్చేది. పక్క దేశపు గూఢచారి ముఠా ఎంత తెలివిగా బిగించినా, ఈ ముసలావిడ పొదుపు వాళ్ళ లెక్కలోకి రాలేదు.

అతను మెల్లగా తలెత్తి మెషీన్ వైపు చూశాడు. తరవాత దాని వెనక నిలబడ్డ మనిషి వైపు.

"చూసేశారా?" అంది అత్తరు. ఆమె చేతిలో చిన్న పిస్తోలు ఉంది. మూతికి సైలెన్సర్. అది టీచరమ్మ తలకి జానెడు దూరంలో ఉంది. "నిన్న వచ్చినతను కూడా ఇలాగే తలెత్తాడండీ. ఆ ప్లయర్ కింద పెట్టండి. కాలితో ఇటు తోయండి."

ఆ 'అండీ' పాతదే. నాలుగు నెలలు అలాగే పిలిచేది. అతను ప్లయర్ కింద పెట్టి తోశాడు. అది జారి సోఫా కింద ఆగింది.

"పది నిమిషాలు కూర్చోండి చాలు," అంది ఆమె. "పన్నెండు దాటితే నా పని అయిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు."

"వంతెన దగ్గర ఒకరికి అవుతుంది."

"ఎవరో ఏజెంట్. మనలాగే తెలిసి వచ్చిన మనిషి."

"నా చెల్లెలు."

ఆమె చెయ్యి కదిలింది. కొంచెమే.

"ఆ వాదించే చెల్లెలా?" అంది మెల్లగా. అద్దె ఇంట్లో అన్నం తింటూ అతను చెప్పిన కబుర్లన్నీ ఆమెకి గుర్తున్నట్టే ఉంది. నిచ్చెన కథ రెండుసార్లు చెప్పించుకుంది అప్పట్లో.

"అవును. 'సరే' అని రాశావు చూడు, అక్కడ దొరికిపోయావు."

అత్తరు కిందికి చూసింది. ఆ మొహంలో నిజమైన బాధ కనిపించింది. "మీ చెల్లెలని ముందే తెలిస్తే..."

అతను ఎదురుచూశాడు. ఐదేళ్ళుగా ఎదురుచూసిన మనిషి ఇంకో క్షణం చూడలేడా!

"...జవాబు ఇంకోలా రాసేదాన్ని," అంది.

ఆ మాట పిస్తోలు కన్నా బాగా పని చేసింది. అతని లోపల ఏదో పూర్తిగా విరిగింది. విరిగాక నొప్పి లేదు, గడియారం ఒక్కటే మిగిలింది. 11:55.

"ఎందుకు చేశావ్?" అన్నాడు టైము కోసం. ఒక పక్క నిజంగానే తెలుసుకోవాలనీ ఉంది.

"ఆ మెమో గుర్తుందా? 'మిషన్ ముగిసినది, వివాహము రద్దు.' నేను వారం రోజులు ఏడ్చాను. మీరు పక్కవారమే ఇంకో మిషన్‌కి వెళ్ళారు. నన్ను ఎవరూ అడగలేదు. అవతలివాళ్ళు అడిగారు, ఎలా ఉన్నావమ్మా అని. అంతే."

"నన్నడగొచ్చు కదా."

"మీరూ అడగొచ్చు కదా."

తాళం ఇంకా ఉందని చెప్పాలనిపించింది. దేనికి?

అప్పుడు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ మామ్మగారు వచ్చింది. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. హాల్లో ఎవరు ఎవరికి ఏం గురిపెట్టారో ఆవిడ చూడలేదు. కోడలి కాలి మీంచి ఊడి కింద పడ్డ రబ్బరు ప్యాడ్లు మాత్రం చూసింది.

"కాపడం అయిపోయిందా? అయిపోతే ఇదెందుకు వెలుగుతోందీ? ఎన్నిసార్లు చెప్పాలి తల్లీ నీకు?"

నేరుగా గోడ దగ్గరికి పోయి స్విచ్చి నొక్కేసింది.

మెషీన్ కీచుమని ఆగిపోయింది. అత్తరు అటు తిరిగింది, అర క్షణం. ఆ అర క్షణంలో టీచరమ్మ చేతికర్ర లేచి ఆమె మణికట్టు మీద పడింది. ముప్పై ఏళ్ళు బెత్తం పట్టిన చెయ్యి అది. పిస్తోలు పేలింది. బీరువా పై అరలో రౌటర్ పగిలి ముక్కలై కిందికి రాలింది. ఫ్యూజు నేల మీద పడి సోఫా కింద చెయ్యి పెట్టి ప్లయర్ అందుకుని మీట నొక్కాడు.

సూది ఆమె భుజంలో దిగింది. ఆమె దాని వంక ఆశ్చర్యంగా చూసి, గోడకి ఆనుకుని నెమ్మదిగా కూర్చుండిపోయింది. లిఫ్టులో మనిషి కూడా అలాగే కూర్చున్నాడు.

"చూశావా, కాలిపోయింది!" అంది మామ్మగారు రౌటర్ ముక్కలు చూసి. "అందుకే నేను ఆపేస్తూ ఉండమనేది. ఆ అమ్మాయికి కళ్ళు తిరిగినట్టున్నాయి, నీళ్ళు తెస్తానుండు."

11:57.

"రౌటర్ పోయింది," అంది టీచరమ్మ. "వై-ఫై లేదు. ఇంకెలా?"

"రౌటర్ పంచేది మాత్రమే. నెట్ ఉన్నది సర్వర్‌లో. ల్యాప్‌టాప్‌ని తిన్నగా సర్వర్‌కి తగిలిద్దాం. గుండు దెబ్బకి పాత తీగ కూడా తెగింది. నేను చేసిన కొత్తది ఉంది."

ఆరడుగుల కేబుల్ ఒక కొస సర్వర్‌కి, ఒక కొస ల్యాప్‌టాప్‌కి గుచ్చాడు. ఆకుపచ్చ దీపం వెలగాలి. వెలగలేదు.

తీసి మళ్ళీ గుచ్చాడు. వెలగలేదు.

ప్లగ్గుని వెలుతురుకి ఎత్తి చూశాడు. పారదర్శకమైన ప్లాస్టిక్‌లో ఎనిమిది తీగలు. రెండు నారింజలుండాల్సిన చోట ఆకుపచ్చ ఒకటి దూరింది. అతను జీవితంలో కొన్ని వేల ప్లగ్గులు బిగించాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ఇది బిగించినప్పుడు కళ్ళు ఎక్కడున్నాయో అతనికి తెలుసు. దానికి మూల్యం చెల్లించేది చెల్లెలు.

11:58.

పంటితో కొత్త ప్లగ్గు పట్టుకున్నాడు. ప్లయర్‌తో పాత కొస కత్తిరించాడు. తొడుగు ఒలిచాడు. చేతులకి చెమట, తీగలు జారిపోతున్నాయి.

"రంగులు పైకి చెప్పండి టీచరమ్మా! నేను చెప్తాను, మీరు మళ్ళీ అనండి. తప్పితే ఆపండి. తెల్లనారింజ!"

"తెల్లనారింజ."

"నారింజ. తెల్లాకుపచ్చ. నీలం."

"నారింజ. తెల్లాకుపచ్చ. నీలం." క్లాసులో ఎక్కం చెప్పించినట్టు ఆవిడ గొంతు నిలకడగా వచ్చింది. అతని వేళ్ళు కూడా నిలకడపడ్డాయి.

"తెల్లనీలం. ఆకుపచ్చ. తెల్లగోధుమ. గోధుమ."

"సరిగ్గా ఉన్నాయి. నొక్కు."

టక్.

11:59 దాటి ఇరవై సెకన్లు. గుచ్చాడు. ఒక సెకను ఏమీ లేదు. రెండో సెకనుకి ఆకుపచ్చ దీపం మిణుకుమంది, నిలబడింది. ల్యాప్‌టాప్ కొత్త అడ్రసు అడుగుతోంది. ఈసారి అబద్ధం చెప్పేవాళ్ళెవరూ లేరు. గేట్‌వే చివర 1.

"పంపండి!"

టీచరమ్మ ఎంటర్ మీద అరచెయ్యి పెట్టి కొట్టింది. 11:59 దాటి నలభై ఒకటి. 'పంపబడింది.'

ఇద్దరూ స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నారు. సెకన్లు కదులుతున్నాయి. యాభై. యాభై ఐదు. ఫ్యూజుకి ఏ దేవుణ్ణి పిలవాలో తోచలేదు. చిన్నది నన్ను చూసే ఈ ఉద్యోగంలోకి వచ్చింది, వద్దంటే వాదించింది, నేను వాదనలో ఓడిపోకుండా ఉండాల్సింది, అనుకున్నాడు.

యాభై ఎనిమిదికి జవాబు వచ్చింది.

'రేవుకా? ఆటో ఎక్కి వంతెన దాకా వచ్చాక ఇప్పుడా చెప్పేది? ఎవరా తెలివితక్కువవాడు?'

ఫ్యూజు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు. టీచరమ్మ అతని వీపు నిమురుతూ కూర్చుంది. మామ్మగారు తెచ్చిన గ్లాసు ఎవరికివ్వాలో తెలియక, ఏడుస్తున్న అతనికే ఇచ్చింది.

* * *

పన్నెండున్నరకి అంబులెన్స్ డ్రెస్సుల్లో చీఫ్ మనుషులు ఇద్దరు వచ్చారు. ఒకడు కాపడం మెషీన్ డయలు విప్పితే, లోపల అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు కనిపించింది. దాన్ని సంచిలో వేసుకున్నారు.

స్ట్రెచర్ మీద అత్తరుకి అప్పుడప్పుడే తెలివి వస్తోంది. గుమ్మం దగ్గర కళ్ళు తెరిచి అతన్ని చూసింది.

"దాటిందా?"

"ఇంకా తెలియదు. రేవు వైపు వెళ్ళింది."

"దాటాలి," అంది. "నిజంగానే అంటున్నానండీ."

నమ్మాలో లేదో అతనికి తెలియలేదు. నాలుగు నెలలు ఒకే కప్పు కింద ఉన్నప్పుడూ తెలియలేదు. లిఫ్టులో చనిపోయినవాడు గుర్తొచ్చి మొహం పక్కకి తిప్పుకున్నాడు. స్ట్రెచర్ మెట్లు దిగుతుంటే పరిమళం మాత్రం కాసేపు వసారాలో ఉండిపోయింది. మామ్మగారు అక్కడి లైటు ఆపేసింది.

అతను వెళ్ళిపోవచ్చు. పని అయిపోయింది. కానీ నేల మీద, ల్యాప్‌టాప్ పక్కనే కూర్చున్నాడు. టీచరమ్మ కూడా వెళ్ళమనలేదు. ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. అది ఆరిపోతుందేమోనని రెప్ప వెయ్యకుండా చూశాడు.

12:47కి స్క్రీన్ మీద అంకెలు కదిలాయి. టీచరమ్మ కోడ్ విప్పి పైకి చదివింది.

"'దాటాను. బట్టలు తడిసిపోయాయి. ఇంత ఆలస్యంగా ఎందుకు చెప్పారో కారణం కావాలి.'" ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఏం రాయమంటావు బాబూ?"

ఫ్యూజు టోపీ పెట్టుకున్నాడు. టూల్ బ్యాగు భుజాన వేసుకున్నాడు. అన్నయ్య ఇక్కడున్నాడని చెప్పే వీల్లేదు. రూల్ అది.

"కేబుల్‌వాడు లేటుగా వచ్చాడని రాయండి."

ఆవిడ రాసింది. ఈసారి జవాబుకి అర నిమిషం కూడా పట్టలేదు.

'వాళ్ళెప్పుడూ అంతే.'